ముందు పొలం, ఆ తర్వాతే ప్లాంటు

కోత అయ్యాక పొలంలో మిగిలేది చెత్త. తగలబెట్టే బదులు ప్లాంటుకు తోలితే గ్యాసో ఇథనాలో కరెంటో వస్తుంది, రైతు చేతిలో నాలుగు డబ్బులు పడతాయి. ఈ మాట ఇప్పుడు మంత్రుల ప్రసంగాల్లోనూ కంపెనీల ప్రకటనల్లోనూ ఒకేలా వినిపిస్తోంది. దానికి వర్తుల జీవ ఆర్థిక వ్యవస్థ అని పేరు కూడా పెట్టారు. తగలబెట్టడం తప్పే, అందులో నాకు రెండో మాట లేదు. నా అభ్యంతరం ఆ మొదటి వాక్యంతో. గడ్డికి ఇప్పటికే హక్కుదారులున్నారు.

డెల్టా వరిగడ్డి కరువు ఏడాదిలో లారీలకెక్కి రాయలసీమ పశువుల దగ్గరికి పోతుంది. పత్తికట్టె, కందికంప చాలా ఊళ్లలో కూలి కుటుంబాల పొయ్యి వెలిగిస్తాయి. ఊక మిల్లు బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ వెళుతుంది. దేశంలో ఏటా 75 కోట్ల టన్నుల జీవపదార్థం వస్తుందని, అందులో 23 కోట్ల టన్నులు మిగులని కేంద్రం అంచనా. అది సగటు లెక్క. కరువొచ్చిన ఏడాది మిగులు ఎంతో, ఏ మండలంలో ఎవరి పశువు దాని మీద బతుకుతోందో ఆ సగటు చెప్పదు.

ఇది మనకు తెలియని అనుభవమేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 ప్రాంతంలో ఊకను, సర్కారు తుమ్మను నమ్ముకుని విద్యుత్ ప్లాంట్లు వరసగా వచ్చాయి. అంతవరకు చౌకగా దొరికిన ఊకకు అందరూ పోటీ పడేసరికి ధర పెరిగింది. యూనిట్ రేటు మీద తగాదా సుప్రీంకోర్టు దాకా నడిచింది. కొన్ని ప్లాంట్లు మూతపడ్డాయి. ముందు యంత్రం బిగించి, ఇంధనం ఎలాగోలా అదే వస్తుందనుకున్నందుకు పడిన మూల్యం అది.

అయినా అదే వరస ఇంకా సాగుతోంది. 2018 అక్టోబరులో మొదలైన సతత్ పథకం 2023 నాటికి 5,000 బయోగ్యాస్ ప్లాంట్లు పెడతామంది. గడువు తీరేసరికి నడుస్తున్నవి వంద కూడా లేవు. అప్పులు దొరకకపోవడం, గ్యాసు కొనేవాళ్లు లేకపోవడం వంటి కారణాలు చెబుతారు. అవీ నిజమే. కానీ అసలు చిక్కు పొలం గట్టు మీదే ఉంది. 2022 ఆగస్టులో ప్రారంభించిన పానిపట్ ఇథనాల్ ప్లాంటునే చూడండి. దానికి ఏడాదికి రెండు లక్షల టన్నుల వరిగడ్డి కావాలి. ఎకరానికి రెండున్నర టన్నులు వేసుకున్నా ఎనభై వేల ఎకరాల గడ్డి. వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య అక్కడి రైతుకు దొరికేది మూడు నాలుగు వారాలు. ఆ కొద్ది రోజుల్లోనే బేలర్లు, ట్రాక్టర్లు, డ్రైవర్లు అన్నీ కుదరాలి, ఏడాదికి సరిపడా గడ్డిని తడవకుండా, నిప్పంటుకోకుండా నిలవ చేయాలి. కట్టలు కట్టని గడ్డి ఘనపు మీటరుకు వంద కిలోలు కూడా తూగదు. దూరం పెరిగేకొద్దీ మనం డీజిలు పోసి మోసేది చాలావరకు గాలినే. చిన్న ప్లాంటు గిట్టుబాటు కాదనేవాళ్లు ఈ మోత ఖర్చును, నిలవలో పోయే సరుకును కలిపి మళ్లీ లెక్క వేయాలి.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది మట్టి సంగతి. టన్ను వరిగడ్డిలో సుమారు ఐదారు కిలోల నత్రజని, ఇరవై కిలోలకు పైగా పొటాష్ ఉంటాయి. గడ్డి కాలిస్తే నత్రజని దాదాపు అంతా గాల్లో కలుస్తుంది, పొటాష్ మాత్రం బూడిదలో చాలావరకు పొలంలోనే ఉండిపోతుంది. గడ్డిని ప్లాంటుకు తోలితే రెండూ పోతాయి. పొటాష్ ఎరువును దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకుంటున్న దేశం మనది. కాబట్టి గ్యాసు తీశాక మిగిలిన ఎరువు, బాయిలర్ బూడిద తిరిగి అదే పొలాలకు చేరకపోతే దాన్ని వర్తులం అనడం అబద్ధం. ఆ ఎరువుకు 2023లో కేంద్రం టన్నుకు రూ.1,500 సాయం ప్రకటించింది. మంచిదే. కానీ తడి ఎరువులో ఎక్కువ భాగం నీళ్లే. దూరం నుంచి గడ్డి తెచ్చుకున్న ప్లాంటు అంత దూరం ఎరువును వెనక్కి తోలదు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రూ.65,000 కోట్లతో 500 బయోగ్యాస్ ప్లాంట్లు వస్తాయంటున్నారు. 2025 ఏప్రిల్‌లో కనిగిరి ప్రాంతంలో మొదటిదానికి శంకుస్థాపన జరిగింది. వాటి కోసం బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచుతామంటున్నారు. ఏడాదికి ఐదారు కోతలివ్వాలంటే నేపియర్‌కు తడులు కావాలి. తాగడానికి ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం ఏళ్ల తరబడి అల్లాడిన ప్రాంతం కనిగిరి. బీడు భూముల్లో గొర్రెలు మేపుకునేవాళ్లున్నారు. ప్రభుత్వం ప్లాంటు సామర్థ్యం చెప్పేముందు ఆ నీళ్లు ఎక్కడివో, ఆ మందలు ఎక్కడికి పోవాలో చెప్పాలి.

ప్లాంట్లు వద్దని నేను అనడం లేదు. ప్లాంటు ఎంత పెద్దదో తేల్చాల్సింది చుట్టుపక్కల ఇరవై పాతిక కిలోమీటర్ల పొలాలు. అక్కడ పశువుల మేతకూ పొయ్యికీ మట్టికీ పోగా నిజంగా మిగిలేదెంతో ఊరివారీగా లెక్క తీయాలి. గడ్డి కట్టి, నిలవ చేసే పని రైతు సంఘాల చేతికి, స్వయం సహాయక బృందాల చేతికి రావాలి.

గడ్డి అడగడానికి మీ ఊరికి ఎవరైనా వస్తే టన్నుకు ఎంతిస్తారో అడిగి ఊరుకోకండి. తీసుకెళ్లిన గడ్డికి బదులుగా ఎన్ని టన్నుల ఎరువు, ఏ నెలలోగా, ఎవరి ఖర్చుతో మీ పొలానికి చేరుతుందో ఒప్పందంలో రాయించుకోండి. రాయనంటే గడ్డి ఇవ్వకండి.