వలస నెలల్లో కేబీఆర్ వనాన్ని అడవిగానే ఉంచాలి

హైదరాబాదులోని కేబీఆర్ జాతీయ వనం నగరవాసుల్లో ఎక్కువమందికి పొద్దున్నే నడిచే చోటు. 1998లో జాతీయ వనంగా ప్రకటించిన ఈ 350 ఎకరాల ఆకురాల్చే అడవి వలస పక్షులకు మజిలీ కూడా. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా ఉత్తరాది నుంచి దిగేవి, మార్చి నుంచి మే దాకా తిరుగు ప్రయాణంలో ఉన్నవి ఇక్కడ ఆగి కడుపు నింపుకుంటాయి. కొన్ని చలికాలమంతా ఉండిపోతాయి. ఈ రెండు కాలాలకూ వనం నిర్వహణలో వేరే నియమాలు కావాలి.

వచ్చే పక్షుల్లో చాలావరకు చిన్నవి, ఆకుల మాటున తిరిగేవి. గ్రీనిష్ వార్బ్లర్ దాదాపు రెండు రూపాయి బిళ్లల బరువు తూగుతుంది. హిమాలయాల నుంచి, మధ్య ఆసియా అడవుల నుంచి వచ్చి ఆకుల అడుగున పురుగులు ఏరుకుంటుంది. రెడ్‌బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ కింది కొమ్మ మీద కూర్చుని, తోక ఎగరేస్తూ, గాలిలోనే ఈగలను పట్టుకుంటుంది. నేల మీద మేసేది పొన్నంకి పిట్ట. హిమాలయ పాదాల్లో, మధ్య భారతంలో వానాకాలం పిల్లలను పెంచి, దక్షిణాదికీ శ్రీలంకకూ పోతూ ఇటుగా వెళ్తుంది. ఆకుపచ్చ వీపు, కళ్ల మీదుగా నల్లని పట్టీ, భుజాన నీలం, తోక కింద ఎరుపు... ఇన్ని రంగులున్నా పొద కింద నిలబడితే ఆనవాలు దొరకదు. రెండు గెంతులు వేసి ఆగుతుంది, ముక్కుతో ఎండుటాకును పక్కకు తోస్తుంది, కింద దొరికిన పురుగును మింగి మళ్లీ గెంతుతుంది. తర్వాతి రాత్రి ప్రయాణానికి కావలసిన కొవ్వు దానికి ఆ ఆకుల కిందే దొరకాలి.

కాబట్టి మార్పు చీపురుతో మొదలవ్వాలి. ఊడ్చి, పొదలు కత్తిరించి చక్కబెట్టడం పూలతోటకు అందం, అడవికి నష్టం. నడకదారి వరకు ఊడిస్తే చాలు. లోపలి ఆకుల పొర జోలికి వెళ్లకూడదు. ఎండాకాలం నిప్పు అంటుకుంటుందన్న భయం నిజమే. అందుకు దారుల వెంట, ప్రహరీ లోపల అగ్నిరేఖలు తీసి, అక్కడి ఆకులను మాత్రం తొలగించాలి. అటవీశాఖకు ఇది కొత్త పనేమీ కాదు. తీసిన ఆకులను తగలబెట్టకుండా ఎరువు చేయాలి.

ఈ పక్షులు ఎక్కువగా రాత్రిపూట ఎగురుతాయి. దీపాల వెలుగు వాటిని దారి తప్పిస్తుంది. తెల్లారాక గాజు గోడలో చెట్ల ప్రతిబింబం చూసి నిజమైన చెట్లే అనుకుని గుద్దుకుంటాయి. అలసిన పొన్నంకి పిట్ట ఇంట్లోకి దూరడమో, కిటికీ కింద పడి ఉండటమో మన ఊళ్లలో అప్పుడప్పుడూ వినేదే. వనం చుట్టూ దీపాలకు పైకప్పులు పెట్టాలి. నడిచేవారికి నేల మీద పడే వెలుతురు సరిపోతుంది. చుట్టుపక్కల భవనాలు రాత్రి పదింటికి అలంకార దీపాలు ఆర్పాలి, గాజు మీద దగ్గరదగ్గరగా చుక్కలున్న పొర అతికించాలి. పక్షులకు కనిపించే గాజునే కొత్త కట్టడాల్లో వాడాలని న్యూయార్క్ నగరం 2020లో చట్టం చేసింది. వనం పక్కన వచ్చే భవనాలకైనా ఇక్కడి నిర్మాణ అనుమతుల్లో ఆ షరతు చేర్చవచ్చు.

పక్షులను చూడవచ్చేవారికీ కట్టుబాట్లుండాలి. ఫొటో కోసం ఫోనులో అదే పక్షి కూత వినిపించి పొదలోంచి రప్పించేవారున్నారు. మరో పక్షి తన జాగాలోకి వచ్చిందనుకుని అది మేత మానేసి వెతుకుతూ తిరుగుతుంది. వలస నెలల్లో దీన్ని పూర్తిగా నిషేధించాలి. మరోవైపు, ఓపిగ్గా లెక్కలు రాసేవారి శ్రమ వృథా పోకూడదు. 1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానంలో చేసిన సర్వే ఈ ప్రాంతపు పక్షులకు పాత ఆధారం. ఇప్పటి వీక్షకులు తేదీ, చోటు, సంఖ్య ఈబర్డ్ అనే పక్షి నమోదుల వెబ్‌సైట్‌లో రాస్తున్నారు. అగ్నిరేఖ ఎక్కడ తీయాలో, ఏ బాటను కొద్ది వారాలు మూయాలో నిర్ణయించేటప్పుడు అటవీశాఖ ఆ నమోదులను ముందు పెట్టుకోవాలి. ఈ నియమాల మీద ఉత్తర్వు ఆగస్టులోనే వెలువడితే, తొలి పక్షులు దిగేలోపు ఊడ్చే సిబ్బందికీ గుత్తేదార్లకూ చెప్పే వ్యవధి ఉంటుంది.