క్లీనింగ్ ఆపరేటర్ సరే, ఏ మిషన్ ఆపరేటర్?



ఈ వారం బాకీ జీతాల గురించి రాద్దామని కూచున్న. కాని మూడు రోజుల నుంచి మన గ్రూపులల్ల ఒకటే మెసేజ్ తిరుగుతున్నది. "అబుదాబీకి అర్జెంటుగా ఇండస్ట్రియల్ క్లీనింగ్ ఆపరేటర్లు కావాలె, చదువు అవసరం లేదు, అనుభవం లేకున్నా నడుస్తది, ఉండుడు తినుడు ఫ్రీ." ఇది నిజమేనా అని నాకు పదకొండు మంది ఫోన్ చేసిండ్రు. జీతం ఎంత అని అడిగిండ్రు, ఓటీ ఉంటదా అని అడిగిండ్రు, వీసాకు ఎంత పెట్టాలె అని అడిగిండ్రు. అందులో ఒక్కరు కూడా ఏ మిషన్ అని అడగలేదు.

అందుకే జీతాల ముచ్చట వచ్చే వారానికి పెట్టి ఇది రాస్తున్న.

క్లీనింగ్ అనంగనే మనోళ్లకు చీపురు, మాప్, బకెట్ యాదికొస్తయి. మాల్‌లో కూచొని తోలే నేల కడిగే మిషన్ కూడా క్లీనింగ్ మిషనే. రోడ్డు ఊడ్చే బండి కూడా క్లీనింగ్ మిషనే, కాని దానికి ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు కావాలె, ఊర్ల ట్రాక్టర్ లైసెన్సు చూపిస్తే నడువది. డ్రైనేజీ గుంజే వాక్యూమ్ ట్యాంకర్ ఇంకొకటి. దాంట్ల పైపు పట్టినోడు గుంత మూత తెరిచినప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తది. వాసన వచ్చినంతసేపు భయమే, కాని ఆ గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెల్వదు. వాసన పోయింది గదా అని లోపలికి దిగినోడు పైకి రాడు. వాన్ని తీద్దామని దిగినోడు కూడా రాడు. గ్యాస్ మీటర్ పెట్టి చూసి, పర్మిట్ రాసి, పైన ఒక మనిషిని నిలబెట్టకుండా ఎవడు దిగుమన్నా దిగొద్దు.

ఇక హైడ్రో జెట్ మిషన్. నీళ్లతో కడుగుడే, కాని ఆ నీళ్లు మామూలు నీళ్లు కావు. బండి టైర్ల 32 పాయింట్ల గాలి కొట్టిస్తం గదా. అదే లెక్కలో మా సైట్ల గన్ను నుంచి వచ్చే నీళ్లు 7,000 పాయింట్లు దాటుతయి. దాన్ని ఇక్కడ 500 బార్ అంటరు. బండ్లు కడిగే సర్వీసింగ్ సెంటర్ల ఉండేది 100, 150 బార్. రిఫైనరీల పైపులు, ట్యాంకులు కడిగే మిషన్లు 1,000 బార్ నుంచి 2,000 పైన కూడా ఉంటయి. అది సిమెంటు పెళ్లను లేపుతది, పెయింటు ఊడగొడ్తది. మనిషి చర్మం దానికి ఒక లెక్క కాదు.

ఈ నాలుగు పనులకు కూడా ఏజెంట్ రాసేది ఒక్కటే మాట, క్లీనింగ్ ఆపరేటర్.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తా. ఈ గ్రూపుల కొందరికి తెలుసు, చానామందికి తెల్వదు.

రెండు చలికాలాల కింద మా సైట్‌కు అల్యూమినియం షట్టరింగ్ ప్లేట్లు కడిగెటందుకు కొత్త జెట్ మిషన్ తెచ్చిండ్రు. స్లాబు పోసిన తర్వాత ప్లేట్లకు పట్టిన సిమెంటు సుత్తెతో కొడ్తే ప్లేటు వంకర పోతది, అందుకని నీళ్లతో కొట్టాలె. నలుగురు ఆపరేటర్లు కావాలె, నువ్వే చూసి తీసుకో అని నాకు చెప్పిండ్రు. మా ఊరి పిల్లగాడు ఒకడు అప్పటికే రెండేండ్ల నుంచి హెల్పర్‌గ ఉన్నడు. నన్ను కాకా అంటడు. "కాకా, మెట్‌పల్లిల సర్వీసింగ్ సెంటర్ల మూడేండ్లు చేసిన, గన్ను పట్టుడు నాకు కొత్త కాదు, నీ సంతకమే గదా" అన్నడు. హెల్పర్‌కు, ఆపరేటర్‌కు నెలకు మూడు వందల యాభై దిర్హామ్‌ల తేడా. చెల్లె పెండ్లి అప్పు ఉన్నది వానికి. నేను టెస్టు పెట్టలేదు. టెస్టు ఫారం మీద పాస్ అని రాసి సంతకం పెట్టిన. పుణ్యం చేసిన అనుకున్న.

పదకొండో రోజు నాజిల్‌ల ఇసుక పలుకు ఇరికింది. నీళ్లు సక్కగ వస్తలేవు. పిల్లగాడు ట్రిగ్గర్ వదిలిండు, పంపు మాత్రం నడుస్తనే ఉన్నది. ట్రిగ్గర్ లాక్ పెట్టలేదు. గన్నును తొడల మధ్య పట్టుకొని ఎడమ చేయితోటి నాజిల్ తిప్పబోయిండు. మోకాలు ట్రిగ్గర్‌కు తాకింది.

అరచేతిల జొన్న గింజంత రంధ్రం. రక్తం కూడా పెద్దగ రాలేదు. ఫస్ట్ ఎయిడ్ అతను కడిగి పట్టి వేసిండు. పిల్లగాడే "ఏం కాలే కాకా" అన్నడు. రాత్రి పది గంటలకు చేయి మోచేయి దాక వాచింది. లోపలికి పోయింది ఉత్త నీళ్లు కాదు, సిమెంటు నీళ్లు. పొద్దున ఆపరేషన్ థియేటర్‌కు తీస్కపోయిండ్రు. రెండు వేళ్లు తీసేసిండ్రు. మిగిలిన వేళ్లు సగమే ముడుస్తడు.

ఎంక్వయిరీ పెట్టినప్పుడు ఒక కాగితం బయటికి తీసిండ్రు. ట్రైనింగ్ అయ్యింది, మిషన్ సూచనలన్నీ అర్థమైనయి అని ఇంగ్లీషుల రాసి ఉన్నది. కింద పిల్లగాని సంతకం. దాని కింద నా సంతకం. ఆ ట్రైనింగ్ జరగనే లేదు. పొద్దున టూల్ బాక్స్ మీటింగుల కాగితం తిప్పితే అందరితోటి పాటు వాడు పెట్టిండు, నేను కూడా పెట్టిన. కంపెనీ వాళ్లు రెండు మాటలు మాట్లాడిండ్రు. ట్రైనింగ్ అయిన ఆపరేటర్ కావాలని సూచనలు మీరిండు అని ఒక మాట. లేబర్ కాంట్రాక్టుల వాడు హెల్పరే, మిషన్ ఎందుకు ముట్టిండు అని ఇంకొక మాట. రెండు మాటలు ఒకదానికొకటి అతకవు గాని, రెండూ పిల్లగాని మీదికే వచ్చినయి.

ఇక్కడి చట్టం పనిల దెబ్బ తగిలితే మందుల ఖర్చు కంపెనీదే అంటది. పని చేయలేని రోజులకు ఆరు నెలల దాక పూర్తి జీతం, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలె. అవయవం పోతే దాని లెక్కన పరిహారం ఉన్నది. కాని కనబడేటట్టు పెట్టిన భద్రతా సూచనలను కార్మికుడు కావాలని మీరిండని తేలితే ఆ పరిహారం పోయే ప్రమాదం ఉన్నది. అందుకే ఆ సంతకం అంత బరువైంది. మా పిల్లగానికి చివరికి డబ్బులు వచ్చినయి. ట్రైనింగ్ జరగలేదని, టెస్టు నేను పెట్టలేదని రాసిచ్చిన తర్వాత వచ్చినయి. ఎనిమిది నెలలు పట్టింది. నా మీద వార్నింగ్ లెటర్ ఉన్నది, ఉండనీయి.

మన గ్రూపుల సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్లు, ఛార్జ్‌హ్యాండ్లు ముప్పై మందికి తక్కువ లేరు. మొదటి మాట మనకే. మనోడు అని తీసుకుంటం. మనోడే అయితే ఇంకా గట్టిగ చూడాలె గదా? మలయాళీ ఆపరేటర్ వస్తే పది ప్రశ్నలు అడుగుతం, జగిత్యాల పిల్లగాడు వస్తే ఏ ఊరు, ఎవరి కొడుకువు అని అడిగి పని ఇస్తం. నేను చేసిందే చెప్తున్న, ఎవరినో అంటలేను.

ఇప్పుడు నేను మనిషిని తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ చివరికి చూస్త. ముందు మిషన్ కాడికి తీస్కపోత. ఇంజన్ బంద్ పెట్టి ఉంటది. స్టార్ట్ చెయ్యి అంట, పక్కన నిలబడి మాట్లాడకుండ చూస్త. వచ్చి రాంగనే ఇంజన్ స్టార్ట్ చేసినోడు నాకు వద్దు. పనెరిగినోడు ముందు నీళ్ల లైను చూస్తడు, ఫిల్టర్ చూస్తడు, హోస్ పైపు పొడుగునా చేయి పెట్టి ఎక్కడన్న ఉబ్బిందా, తీగ తేలిందా అని చూస్తడు. జాయింట్ల కాడ గొలుసు తాడు కట్టి ఉన్నదా చూస్తడు. పైపు ఊడితే పాములెక్క లేచి కొడ్తది, ఆ తాడే ఆపుతది. ట్రిగ్గర్ వదిలితే ప్రెషర్ పడిపోతున్నదా లేదా అని తక్కువ ప్రెషర్ మీదనే ఒకసారి చూసుకుంటడు. బూట్లు, చేతి గ్లౌజులు, ముఖం షీల్డ్ వేసుకోకుండా గన్ను ముట్టడు. ఇవేవీ ఇంగ్లీషు రాకున్నా చేసి చూపెట్టొచ్చు.

తర్వాత ఒకే ఒక ప్రశ్న అడుగుత. నాజిల్ జామ్ అయితే ఏం చేస్తవు? పంపు బంద్ చేపిస్త, ట్రిగ్గర్ ఒత్తి పైపుల మిగిలిన ప్రెషర్ వదిలేస్త, లాక్ పెడ్త, అప్పుడు నాజిల్ ముడ్త అని చెప్పాలె. ఈ వరుసల ఒక్కటి తప్పినా ఆ రోజు ఆపరేటర్ పని ఇవ్వ.

ఇంకో సంగతి, ఇది పై ఆఫీసోళ్లతో కొట్లాడి సాధించుకోవాలె. జెట్ పని ఒక్కని పని కాదు. గన్ను కాడ ఒకడు, పంపు కాడ ఒకడు. పంపు కాడోడు గన్ను పట్టినోని మీదనే కన్ను పెట్టి, బంద్ బటన్ దగ్గర చేయి పెట్టి ఉండాలె. మా సైట్ల అప్పుడు పంపు మనిషిని పొదుపు కోసం తీసేసిండ్రు. నలుగురు అడిగితే నలుగురికీ గన్నులే ఇచ్చిండ్రు. నేను ఒప్పుకున్న.

"అన్నా, అందరు ఇట్ల అంటే కొత్తోడు ఎప్పుడు నేర్చుకోవాలె, పుట్టుకతో ఆపరేటర్ ఎవడు ఉంటడు" అని ఒక తమ్ముడు మొన్న అడిగిండు. మంచి ప్రశ్నే. నేర్చుకునే జాగా పంపు కాడ ఉన్నది. మూడు నాలుగు నెలలు పంపు కాడ నిలబడు, పాతోడు చేసేది చూడు, ట్రైనింగ్ నిజంగా ఇప్పించమని అడుగు. ఆ తర్వాత ఆపరేటర్ పేరు, ఆపరేటర్ జీతం రెండూ కాగితం మీద రాపిచ్చుకో. అబద్ధం చెప్పి గన్ను పట్టుకునుడు కన్నా అది నయం. నాలుగు నెలల తేడా పద్నాలుగు వందల దిర్హామ్‌లు. మా పిల్లగాని రెండు వేళ్లకు అది రేటు అవుతదా?

పని ఎతుక్కునే తమ్ముళ్లకు కాగితం గురించి నాలుగు మాటలు.

ఆఫర్ లెటర్ల పని పేరు చూడండి. అరబీల "ఆమిల్ నజాఫా" అని ఉంటే అది ఊడ్చుడు తుడుచుడు పని, మిషన్ పని కాదు. యూఏఈల 2016 జనవరి నుంచి ఆఫర్ లెటర్ అరబీ, ఇంగ్లీషుతో పాటు కార్మికునికి అర్థమయ్యే మూడో భాషల కూడ ఉండాలని నియమం వచ్చింది. అప్పుడు ఇచ్చిన భాషలల్ల హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం, బెంగాలీ ఉన్నయి, తెలుగు లేదు. ఇన్ని వేల మందిమి ఉన్నం, మన భాష లేదు. సంఘాలన్ని కలిసి దీని మీద అర్జీ పెట్టాలని నేను ఎప్పటి నుంచో అంటున్న. అది వచ్చేదాక హిందీలనో ఉర్దూలనో చదివిచ్చుకొని, అర్థమైన తర్వాతనే సంతకం పెట్టండి. చదివిపెట్టే మనిషి లేకుంటే ఫోటో తీసి మన గ్రూపు అడ్మిన్‌కు పంపండి.

2021 నాటి 33వ నంబరు లేబర్ చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి నడుస్తున్నది. దాని ప్రకారం వీసా ఖర్చు, రిక్రూట్‌మెంట్ ఖర్చు కార్మికుని దగ్గర వసూలు చేయొద్దు. కాంట్రాక్టుల రాసిన పనికి పూర్తిగా వేరే పని నీ రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా చేపిస్తే, నోటీసు లేకుండానే పని వదిలే హక్కు కూడా ఉన్నది. ప్రమాదం ఆపెటందుకో, అయిన నష్టం సరిచేసెటందుకో కొద్ది రోజులు వేరే పని చెప్పుడు వేరే సంగతి. కాని ఆవేశంల క్యాంప్ వదిలి పోకండి, ముందు లేబర్ మినిస్ట్రీ నంబరు 600590000 కు ఫోన్ చేసి ఫిర్యాదు రాపిచ్చి తర్వాత అడుగు వేయండి.

ఊర్ల ఉన్న తమ్ముళ్లకు పంపే మెసేజ్‌ల ఇది కూడా కలపండి. లైసెన్సు ఉన్న ఏజెంట్ తీసుకోవాల్సింది జీఎస్టీతో కలిపి 35,400 రూపాయలు, అంతకు మించి కాదు. ఏజెంట్ లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌ల చూసుకోవచ్చు. "విజిట్ వీసా మీద రా, ఇక్కడికి వచ్చినంక మారుద్దాం" అంటే రావద్దు. ఈసీఆర్ పాస్‌పోర్టు తోటి సరైన దారిల వచ్చినోనికి ప్రవాసీ భారతీయ బీమా ఉంటది, ప్రమాదంల ప్రాణం పోయినా, శాశ్వతంగ అంగవైకల్యం అయినా 10 లక్షల దాక. విజిట్ మీద వచ్చి జెట్ గన్ను పట్టినోనికి ఆ బీమా లేదు, ఇక్కడి కాంట్రాక్టు లేదు.

దెబ్బ తగిలితే ఏం చేయాలె అనేది అన్నిటికన్నా ముందు రాయాల్సింది, ఆఖరుకు వచ్చింది. రంధ్రం ఎంత చిన్నగ ఉన్నా పట్టి వేసుకొని పనికి పోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలె. డాక్టర్‌కు "చేయి కోసుకుంది" అని చెప్పొద్దు. "హై ప్రెషర్ వాటర్ ఇంజెక్షన్ ఇంజురీ" అని ఈ మాటలే చెప్పాలె, ఎన్ని బార్, నీళ్లల్ల ఏం కలిసింది అనేది కూడా. జెట్ పని చేసే ప్రతి ఒక్కరు ఇది ఇంగ్లీషుల రాపిచ్చి బతాకా వెనుక పెట్టుకోండి. మా ఫస్ట్ ఎయిడ్ అతనికి ఆ రోజు ఈ సంగతి తెల్వదు. నాకూ తెల్వదు.

ఇంకో చిన్న మాట, జెట్ పనికి సంబంధం లేదు గాని ఆడోళ్లు, మగోళ్లు క్లీనింగ్ చేసేటోళ్లు గ్రూపుల ఉన్నరు కాబట్టి రాస్తున్న. బాత్రూమ్ యాసిడ్, బ్లీచ్ ఒక్క బకెట్ల కలపకండి. వచ్చేది క్లోరిన్ గ్యాస్.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మన క్యాంప్ మెస్ వెనుక రూమ్‌ల కూచుందాం. పాత గన్ను ఒకటి, కోసిన హోస్ పైపు ముక్క ఒకటి స్టోర్ నుంచి అడిగి తెస్తున్న, పట్టుకొని చూడొచ్చు. ఆ మెసేజ్ చూసి ఫోన్ చేసిన పదకొండు మందిల ఇక్కడ ఉన్నోళ్లు తప్పకుండా రండి, ఆఫర్ లెటర్ ఉంటే వెంట తీస్కరండి. ఇప్పుడు స్టోర్ల పని చేస్తున్న మా పిల్లగాడు కూడా వస్త అన్నడు. నాజిల్ ప్రశ్న ఆ రోజు వాడే అడుగుతడట.