హిమాలయ పటాల్లో గీతల మధ్య దాగిన ముప్పు

న్యూఢిల్లీ: 2025 ఆగస్టు 5న, ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లా ధరాలీ గ్రామాన్ని ఖీర్‌గంగ వాగు వెంట దూసుకొచ్చిన బురద, బండరాళ్లు ముంచెత్తాయి. అక్కడి హోటళ్లు, ఇళ్లు అనేకం అదే వాగు పూర్వం తెచ్చి పోసిన మేట మీద వెలిసినవే. కొండ ప్రాంతంలో చదునైన నేల అరుదు. కట్టడాలు అక్కడికే చేరతాయి. ఆ నేల వాగుదని చెప్పగలిగేది వివరమైన పటం ఒక్కటే.

సర్వే ఆఫ్ ఇండియా రూపొందించే 1:50,000 నిష్పత్తి టోపోషీట్‌లో ఒక సెంటీమీటరు నేలపై అర కిలోమీటరుకు సమానం. ఎత్తును చూపే రెండు గీతల మధ్య తేడా సాధారణంగా 20 మీటర్లు. వాగు గట్టుకూ ఇంటి గడపకూ మధ్య ఉండే నాలుగైదు మీటర్ల ఎత్తు ఆ గీతల నడుమ కనిపించకుండా పోతుంది. గ్రామం మునుగుతుందా, మిగులుతుందా అన్నది తేల్చేది మాత్రం ఆ కొద్దిపాటి ఎత్తే.

ఈ లోటును పూడ్చేందుకు కేంద్రం 2022 డిసెంబరులో నోటిఫై చేసిన జాతీయ జియోస్పేషియల్ విధానం 2030 నాటికి మైదానాల్లో 25 సెంటీమీటర్లు, పర్వత ప్రాంతాల్లో ఒకటి నుంచి మూడు మీటర్ల ఖచ్చితత్వంతో ఎత్తుల నమూనాలు సిద్ధం చేయాలని లక్ష్యం పెట్టుకుంది.

పైనుంచి జరిగే పరిశీలన ఇప్పటికే చాలా ముందుకు సాగింది. హిమాలయ నదీ పరీవాహక ప్రాంతాల్లో 2016–17లో గుర్తించిన, పది హెక్టార్లకు మించిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 తర్వాత గణనీయంగా విస్తరించాయని 2024 ఏప్రిల్‌లో ఇస్రో వెల్లడించింది. వాటిలో 130 భారత్‌లో ఉన్నాయి.

అయితే ఉపగ్రహ చిత్రం సరస్సు విస్తీర్ణాన్ని చూపుతుంది. లోతును, గట్టు బలాన్ని చెప్పలేదు. అందుకు మనుషులు అక్కడికి వెళ్లి కొలవాల్సిందే. సిక్కింలోని దక్షిణ లొనాక్ సరస్సు పెరుగుతోందని శాస్త్రవేత్తలు ముందే గుర్తించారు. అయినా 2023 అక్టోబరు 3 అర్ధరాత్రి దాటాక దిగువకు దూకిన వరద చుంగ్‌థాంగ్ వద్ద 1,200 మెగావాట్ల తీస్తా–3 ప్రాజెక్టు ఆనకట్టను తుడిచిపెట్టింది. ఆ తర్వాత 2024లో కేంద్రం అరుణాచల్, హిమాచల్, సిక్కిం, ఉత్తరాఖండ్‌లకు రూ.150 కోట్లతో హిమానీ సరస్సుల ముప్పు తగ్గింపు కార్యక్రమాన్ని ఆమోదించింది.

ఒక్క వరదతో వాగు దారి మారుతుంది, మేట పెరుగుతుంది, నిన్నటి పటం పాతబడుతుంది. కాబట్టి కొలత ఒకసారితో ముగిసే పని కాదు. కొత్త పటం ఢిల్లీ కార్యాలయాల్లో ఆగిపోకుండా, ఇంటి నిర్మాణానికి అనుమతి ఇచ్చే స్థానిక అధికారి చేతికి చేరినప్పుడే 2030 లక్ష్యానికి అర్థం ఉంటుంది.