రెండో కప్పు కూడా మన తెలుగులోనే

పోయిన నెల విశాఖలో ఒక ఎస్ప్రెస్సో షాపుకి పోయినాము. "చక్కెర లేకుండా ఒక అరకు కాఫీ ఇయ్యప్పా" అని మా కోలారు తెలుగులో అడిగినాను. కౌంటర్లో అబ్బాయి నవ్వి ఇంగ్లీషులోకి మారినాడు. "నాన్నా, నువ్వూ ఇంగ్లీషులోనే అడగాల్సింది" అంది నా కూతురు మెల్లగా. కాఫీ కన్నా ఆ మాటే చేదనిపించింది.

2019లో చిక్కమగళూరు అరబికాకీ, అరకు అరబికాకీ రెండింటికీ జీఐ గుర్తింపు వచ్చింది. జాతి ఒకటే, మన్ను వేరే, రుచి వేరే. ఒకటి సరి, ఇంకొకటి తప్పు అని ఎవరూ అనరు.

మన తెలుగూ అంతే, కన్నడ మన్నులో తరాలుగా పెరిగింది. నేను చదివింది కన్నడ మీడియం, చేసేది టెస్టింగ్ పని. తేడా కనబడితే బగ్ అని రాస్తాను. ఈ తేడా బగ్ కాదు. మనమే దాచుకుంటే పిల్లలు ఎట్లా మాట్లాడతారు?

రెండో కప్పు కూడా మన తెలుగులోనే అడిగినాను.