గొర్రెకు ముఖాలు గుర్తుంటాయి



గొర్రెలు, కోళ్లు మంద ప్రవృత్తితో మాత్రమే బతుకుతాయని, కాబట్టి మేత, నీరు, మందులు అందితే వాటి సంక్షేమం పూర్తయినట్టేనని మీ పత్రిక గత సంచికలోని వ్యాసం చేసిన వాదన శాస్త్రాధారాల ముందు నిలవదు. ఇంగ్లండులోని బాబ్రహాం సంస్థలో కీత్ కెండ్రిక్ బృందం పరిశోధించి 2001లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన ప్రకారం, గొర్రెలు 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుంచుకోగలవు; ఒంటరిగా ఉంచిన గొర్రెకు తన జాతి గొర్రె ముఖం ఫొటో చూపితే దాని ఆందోళన తగ్గుతుందని కూడా తరువాతి ప్రయోగంలో తేలింది. తోడు కోసం ఇంతగా తపించే జీవిని మందనుంచి విడదీయడం, కడుపు నిండా మేత పెట్టినా, హింసే అవుతుంది.

కోళ్లలో ఏది దేనికి దారి ఇవ్వాలో నిర్ణయించే ‘పొడిచే వరుస’ను, అంటే పెత్తనపు క్రమాన్ని, నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె 1920ల ఆరంభంలోనే వివరించారు. ఈ క్రమం పరస్పర గుర్తింపుపై ఆధారపడుతుంది. బలమైన కోడి నుంచి పక్కకు తప్పుకునే చోటే లేని ఇరుకు పంజరంలో బలహీనమైన కోడికి రక్షణ ఉండదు. ఐరోపా సమాఖ్య అలాంటి సాధారణ పంజరాలను 2012 నుంచి నిషేధించింది. భారత లా కమిషన్ కూడా గుడ్ల కోళ్ల సంరక్షణకు 2017లో ముసాయిదా నిబంధనలు ప్రతిపాదించింది. గుడ్ల ఉత్పత్తిలో ముందున్న తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, పెంపకందారుల ఖర్చులో పాలు పంచుకుంటూ, పంజరాలను దశలవారీగా తొలగించాలి.