తుక్కుకు చేరే కంప్యూటర్లో పరుల గుట్టు

డుమస్ (సూరత్): సూరత్ నగరం నుంచి డుమస్ సముద్రతీరానికి వెళ్లే దారి గడచిన మూడు దశాబ్దాల్లో ఆ నగరం ఎదిగిన తీరుకు అద్దం పడుతుంది. సర్దార్ వల్లభాయ్ జాతీయ సాంకేతిక సంస్థ, విమానాశ్రయం ఈ దారిలోనే ఉన్నాయి. దీనికి చేరువలోని ఖజోద్ వద్ద 2023 డిసెంబరు 17న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించిన వజ్రాల బోర్స్ ఉంది. సుమారు 4,500 కార్యాలయాలకు చోటు కల్పించగల భవన సముదాయమది. నగరపాలక సంస్థ ఏళ్ల తరబడి చెత్తను గుట్టపోసిన స్థలం కూడా ఆ ఖజోద్‌లోనిదే.

కార్యాలయానికీ చెత్తగుట్టకూ మధ్య దూరం ఎంత స్వల్పమో చెప్పడానికి ఇంతకు మించిన దృశ్యం అక్కరలేదు. ఈ రోజు బల్లపైకి చేరిన కంప్యూటర్ నాలుగైదేళ్లకో, పదేళ్లకో తుక్కుగా మారక తప్పదు. అప్పుడు దానితోపాటు బయటికి పోయేది ఇనుము, రాగి, ప్లాస్టిక్ మాత్రమేనా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇప్పుడు ప్రాధాన్యం రావడానికి కారణం ఉంది. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు అందించడాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. విండోస్ 11 కోరే హంగులు లేని పాత యంత్రాలు దేశంలో అసంఖ్యాకం. వాటిని వదిలించుకునేందుకు ఇళ్లు, దుకాణాలు, బడులు, ఆస్పత్రులు సిద్ధమవుతున్నాయి. పాత కంప్యూటర్లు ఇంత పెద్దసంఖ్యలో ఒక్కసారిగా అంగడికి రావడం అరుదు.

యజమాని ఒకరు, గుట్టు మరొకరిది

పాత కంప్యూటర్‌ను అమ్మేవారు తమ ఫోటోలు, తమ బ్యాంకు వివరాలు పరుల పాలవుతాయేమోనని కొంతవరకు జాగ్రత్తపడతారు. అది సహజం. కానీ అసలు ముప్పు వారికంటే కంప్యూటర్ ముఖమైనా ఎరుగని వారికే అధికమన్న వాస్తవం మరుగున పడుతోంది.

సూరత్‌నే ఉదాహరణగా తీసుకుందాం. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి దశాబ్దాల కిందట వలస వెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. మరమగ్గం నడిపే కార్మికుడి ఇంట కంప్యూటర్ లేకపోవచ్చు. అయినా అతని ఆధార్ ప్రతి, పాన్ సంఖ్య, బ్యాంకు ఖాతా పుస్తకం మొదటి పేజీ, వేలిముద్ర వేసిన దరఖాస్తు అనేక కంప్యూటర్లలో నిక్షిప్తమై ఉంటాయి. అద్దె ఒప్పందం టైపు చేసిన జిరాక్సు కొట్టు, జీతాల పట్టిక రాసే గుమస్తా గది, అప్పు ఇప్పించిన ఏజెంటు దుకాణం, రక్తపరీక్ష చేసిన ల్యాబు, పిల్లలు చదివే బడి - వీటిలో ప్రతిచోటా అతని గుట్టు కొంత ఉంది. ఆ యంత్రాలను ఎప్పుడు, ఎవరికి అమ్మారో అతనికి తెలిసే మార్గం లేదు. అడిగే అలవాటూ లేదు. హైదరాబాద్, విజయవాడ, సిరిసిల్లల్లో పరిస్థితి ఇందుకు భిన్నమని భావించడం పొరపాటు.

2022 మే 27న ఆధార్ ప్రాధికార సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన జారీ చేసింది. ఇంటర్నెట్ కేంద్రాల్లో ఆధార్‌ను డౌన్‌లోడ్ చేసుకోవద్దని, ఒకవేళ చేసుకుంటే ఆ ప్రతులన్నింటినీ శాశ్వతంగా తొలగించాలని అందులో సలహా ఇచ్చింది. అపార్థాలకు తావిస్తోందంటూ రెండు రోజులకే కేంద్రం దానిని ఉపసంహరించుకుంది. ప్రకటన పోయినా అది లేవనెత్తిన సమస్య మాత్రం పోలేదు. శాశ్వతంగా తొలగించడమంటే ఏమిటో, అది ఎలా సాధ్యమో జనసామాన్యానికి నేటికీ ఎవరూ విడమరచి చెప్పలేదు.

తొలగించామనుకుంటే తొలగినట్టేనా?

గ్రంథాలయంలో పుస్తకాల పట్టిక నుంచి ఒక చీటీని చించివేస్తే పుస్తకం మాయమైపోదు. అది అలమరలోనే ఉంటుంది. కంప్యూటర్లో 'డిలీట్' మీట నొక్కి, చెత్తబుట్టను ఖాళీ చేసినప్పుడు జరిగేది కూడా ఇంచుమించు ఇదే. ఫైలు ఉన్న చోటును సూచించే గుర్తు మాత్రం తొలగిపోతుంది. ఆ స్థలంలో కొత్త సమాచారం వచ్చి పడేవరకు పాతది పదిలంగానే ఉంటుంది. పైపైన చేసే ఫార్మాట్ వల్ల కూడా ఒరిగేది అల్పమే. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో దానిని తిరిగి వెలికితీయవచ్చు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన ఇద్దరు పరిశోధకులు పాత సరుకుగా అమ్ముడవుతున్న 158 హార్డ్‌డిస్కులను కొని పరీక్షించి, 2003లో ఫలితాలను ప్రచురించారు. పనిచేస్తున్న 129 డిస్కుల్లో సక్రమంగా శుభ్రపరచినవి పన్నెండు మాత్రమే. మిగిలిన వాటిలో క్రెడిట్ కార్డు సంఖ్యలు, వైద్య సంబంధమైన లేఖలు, సొంత ఉత్తరాలు వారికి లభించాయి.

పెద్ద సంస్థలు సైతం ఇందుకు అతీతం కాదు. మోర్గాన్ స్టాన్లీ అనే అమెరికన్ ఆర్థిక సంస్థ తన పాత సర్వర్లను, వేలాది హార్డ్‌డిస్కులను తొలగించే పనిని సమాచార విధ్వంసంలో అనుభవం లేని ఒక సామాను రవాణా కంపెనీకి అప్పగించింది. వాటిలో కొన్ని చేతులు మారి, చివరకు ఇంటర్నెట్ వేలంలో తేలాయి. ఖాతాదారుల వివరాలు చెరగకుండా అలాగే ఉన్నాయి. ఈ నిర్లక్ష్యానికి ఆ సంస్థ 2020లో బ్యాంకుల నియంత్రణాధికారికి 6 కోట్ల డాలర్లు, 2022లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు మరో 3.5 కోట్ల డాలర్లు జరిమానాగా చెల్లించుకుంది.

జిరాక్సు యంత్రాలనూ తేలికగా తీసుకోరాదు. పెద్ద కార్యాలయాల్లో వాడే ఈ యంత్రాల్లో హార్డ్‌డిస్క్ ఉంటుంది. తీసిన ప్రతుల ఛాయలు అందులో నిలిచిపోతాయి. అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దెకు తెచ్చిన యంత్రాలను డిస్కు చెరపకుండా తిరిగి ఇచ్చివేసిన ఫలితంగా 2013లో 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది.

గోదావరిఖని చెప్పిన పాఠం

మన దేశంలో పాత సామానుకు ఉన్న గిరాకీ వేరు. 2024 ఆగస్టులో గోదావరిఖనిలో పోలీసులు బీహార్‌కు చెందిన ముగ్గురిని పట్టుకున్నారు. సుమారు 4 వేల పాత మొబైల్ ఫోన్లు వారి వద్ద దొరికాయి. పల్లెల్లో ప్లాస్టిక్ సామాన్లు ఎరగా చూపి, చెడిపోయిన ఫోన్లను సేకరించి, సైబర్ నేరగాళ్లకు చేరవేయడమే వీరి పని అని పోలీసులు వెల్లడించారు. ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి ఫోను పట్టుకుపోయేవాడికి ఆ ఫోను విలువ ఎంతో తెలుసు. తెలియనిది ఇచ్చినవారికే.

వ్యక్తుల వివరాలకు బజారు ఎంతగా విస్తరించిందో 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఉదంతం చాటింది. 24 రాష్ట్రాలకు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల సమాచారం ఒకే నిందితుని వద్ద ఉన్నట్టు వారు ప్రకటించారు. అదంతా పాత కంప్యూటర్ల నుంచే వచ్చిందని ఎవరూ అనలేదు. అయితే కొనేవాడు కాచుకుని ఉన్నప్పుడు అమ్మేవాడు ఎక్కడి నుంచైనా పోగుచేస్తాడన్నది వ్యాపార సూత్రం.

రెండు చట్టాల నడుమ సందు

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిర్వహణ నియమాలు తయారీదారులపై పునశ్చక్రీకరణ బాధ్యతను మోపాయి. 2023-24, 2024-25 సంవత్సరాలకు 60 శాతం, తరువాతి రెండేళ్లకు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం అని లక్ష్యాలనూ నిర్దేశించాయి. సీసం, పాదరసం, కాడ్మియం వంటి విషాలు నేలలోకి, నీటిలోకి చేరకుండా చూడటమే ఈ నియమాల ప్రధానోద్దేశం. అది అవసరమే. ప్రపంచవ్యాప్తంగా 2022లో 6.2 కోట్ల టన్నుల ఇ-వ్యర్థాలు పోగుపడగా, సక్రమంగా సేకరించి పునశ్చక్రీకరించినట్టు లెక్క తేలింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక పేర్కొంది. అయితే ఈ నియమాల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం వెయ్యి పరికరాలు వాడే సంస్థలే భారీ వినియోగదారుల కిందికి వస్తాయి. అధీకృత సంస్థలకు మాత్రమే వ్యర్థాలను అప్పగించాలన్న నిబంధన వీటికి వర్తిస్తుంది. పది కంప్యూటర్లున్న ఆడిటరు కార్యాలయం, రెండు కంప్యూటర్లున్న జిరాక్సు కొట్టు ఈ పరిధిలోకి రావు.

ఇక రెండవది, 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఇచ్చిన తీర్పు దీనికి నేపథ్యం. అవసరం తీరిన సమాచారాన్ని చెరిపివేయాలని, సమాచారానికి తగిన భద్రత కల్పించాలని ఈ చట్టం నిర్దేశిస్తోంది. భద్రత కల్పించడంలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. కాగితంపై ఇది చిన్న దుకాణానికీ వర్తించేదే. కానీ ఢిల్లీలోని బోర్డు దృష్టి సందులోని జిరాక్సు కొట్టు వరకు ప్రసరిస్తుందా అన్నది సందేహమే. ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి ఈ చట్టం అసలు వర్తించదు.

ఒక చట్టం విషాన్ని చూస్తోంది. మరొకటి కంపెనీని చూస్తోంది. చిన్న దుకాణం నుంచి తుక్కు వ్యాపారి త్రాసుకు చేరే హార్డ్‌డిస్కును చూసేవారు కరవయ్యారు. మరమగ్గం కార్మికుడి ఆధార్ ప్రతి జారిపోయేది ఈ సందులోంచే.

చేయవలసింది ఏమిటి?

పరిష్కారం కష్టసాధ్యమేమీ కాదు, ఖర్చుతో కూడినదీ కాదు. ముందుగా అవసరమైన ఫైళ్లను వేరొక చోట భద్రపరచుకోవాలి. ఆపైన యంత్రంలో ఉన్నది పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్కా, ఎస్‌ఎస్‌డీయా తెలుసుకోవాలి. తిరిగే డిస్కు అయితే దాని నిండా వేరే అంకెలను ఒక విడత తిరగరాసే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. విండోస్‌లోనే 'రీసెట్ దిస్ పీసీ' కింద 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని, 'క్లీన్ డేటా' సదుపాయాన్ని ఆన్ చేస్తే ఇంటి అవసరానికి చాలావరకు చాలు. దీనికి కొన్ని గంటలు పట్టవచ్చు.

ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. వాటిలో సమాచారం ఒకచోట రాయబోతే మరొకచోట పడుతుంది కనుక తిరగరాయడం నమ్మదగిన పద్ధతి కాదు. తయారీదారు ఇచ్చే 'సెక్యూర్ ఎరేజ్' సాధనాన్నే వాడాలి. కంప్యూటర్ కొన్ననాడే బిట్‌లాకర్ వంటి సదుపాయంతో డిస్కు మొత్తాన్ని సంకేత లిపిలోకి మార్చి ఉంచుకుంటే చివర్లో బెంగ ఉండదు. తాళంచెవిని నాశనం చేస్తే పెట్టెలోది ఎవరికీ పనికిరాదు.

యంత్రం పనిచేయని స్థితిలో ఉంటే డిస్కును ఊడదీసి మన దగ్గరే ఉంచుకుని, మిగతా భాగాన్ని అమ్ముకోవచ్చు. తరువాత డిస్కు పలకలకు పలుచోట్ల రంధ్రాలు వేయించాలి. ఎస్‌ఎస్‌డీ అయితే చిప్పులన్నింటినీ పగలగొట్టాలి. కొన్ని డిస్కుల పలకలు గాజువి గనుక కళ్లకు రక్షణ తప్పనిసరి. కాల్చడం ఎంతమాత్రం తగదు. ల్యాప్‌టాప్ బ్యాటరీని పగలగొట్టరాదు. మంటలు లేచే ప్రమాదముంది. మిగిలిన తుక్కును కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన సంస్థకే అప్పగించాలి. శుభ్రపరచిన యంత్రం నడిచే స్థితిలో ఉంటే లినక్స్ వేసి బడికి ఇవ్వడం అన్నిటికన్నా మేలు.

చిన్న కార్యాలయాల వారు మరొక్క పని చేయాలి. ఏ యంత్రాన్ని, ఏ తేదీన, ఎవరు చెరిపారో, ఎవరికి ఇచ్చారో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. అమ్మిన సామానుకు రసీదు పుచ్చుకునే వ్యాపారికి ఇది కొత్త విద్య కాదు.

ప్రభుత్వాల బాధ్యతా ఉంది. డిస్కును యజమాని కళ్లముందే నుగ్గుచేసి, ధ్రువపత్రం ఇచ్చే యంత్రాన్ని ప్రతి పురపాలక సంఘం ఒక్కచోటనైనా ఏర్పాటు చేయాలి. మీ సేవ కేంద్రాలకు, ఆడిటర్లకు, ల్యాబులకు లైసెన్సు ఇచ్చేటప్పుడే, పునరుద్ధరించేటప్పుడే పాత కంప్యూటర్ల లెక్క అడగాలి. భారీ వినియోగదారు నిర్వచనంలో యంత్రాల సంఖ్యతోపాటు వాటిలో ఎంతమంది వివరాలున్నాయన్నది కూడా కొలబద్ద కావాలి.

సూరత్ ఈ విషయంలో ఒక గుణపాఠం చెబుతోంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం ఆ నగరాన్ని విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చెత్త ఎత్తివేతను ప్రతిదినం లెక్క చెప్పవలసిన పనిగా మార్చారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ ప్రథమ స్థానం దక్కించుకోవడానికి పునాది పడింది అప్పుడే. వీధి చివర చెత్త ఎవరిదో కాదు, అందరిదీ అన్న సంగతి గ్రహించడానికి ఆ నగరానికి ఒక మహమ్మారి కావలసి వచ్చింది. తుక్కు త్రాసుపైకి చేరే కంప్యూటర్‌లోని గుట్టు కూడా ఎవరిదో కాదని గ్రహించడానికి అంతటి ఉపద్రవం కోసం ఎదురుచూడనక్కరలేదు.