చూపును దిద్దుకొనుట

ఛాయాచిత్రమును తీయుట నేడు మిక్కిలి సులభము; దానిని కూర్చుట మాత్రము నాటివలెనే కష్టము. చేతిఫోను లేని యిల్లు మన విడవలూరు ప్రాంతమున అరుదు. పెండ్లియైనను, తిరునాళ్లయైనను, క్రిస్మసు పండుగయైనను వందలకొలది చిత్రములు పోగగుచున్నవి. వానిలో రెండవసారి చూడదగినవి పదియైన నుండునా యని మా సందేహము. దీనికి కారణము యంత్రలోపము గాదు. చట్రములో దేని నుంచవలెను, దేని విడువవలెను, ఉంచినదాని నెచ్చట నిలుపవలెను అను విచారము లేకపోవుటయే కారణము. ఈ విచారమునకే కూర్పు అని పేరు.

కూర్పు విషయమున రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. అది పుట్టుకతో వచ్చు వరమే గాని నేర్పిన రాదని కొందఱందురు. వెలగల కెమేరా కొన్నచో దానంతట నదియే వచ్చునని మఱికొందఱందురు. మేము ఈ రెంటిని అంగీకరింపము. కూర్పు అభ్యాసముచేత వచ్చును. ఆ యభ్యాసము ఫలించుటకు ఒరుల కన్నును, ఒరుల మాటయు అవసరము. ఇదియే మా పక్షము.

లాలా దీనదయాళు చరిత్రమును చూడుడు. 1844లో మీరటు సమీపమున సర్ధనాలో జన్మించిన యీయన రూర్కీలో చదివినది ఇంజనీరింగు. 1866లో ఇండోరున మరామతు శాఖయందు పటములు గీయు నుద్యోగమున చేరెను. ఛాయాచిత్రములపై మనసు నిలిపినది తరువాతి కాలముననే. అట్టివాడు 1885 ప్రాంతమున హైదరాబాదు ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పెను. ఆ కాలమున ఛాయాచిత్రకారుడు నల్లగుడ్డ కప్పుకొని, పెట్టె వెనుకనున్న గరుకుటద్దముపై తలక్రిందులుగా పడు బింబమును చూచి చిత్రమును కూర్చెడివాడు. ఒక్కొక్క గాజుపలకకు వ్యయమును శ్రమయు నుండుటచే తొందరపాటునకు తావు లేకుండెను.

మన నెల్లూరు మండలము చేరియుండిన మదరాసు రాజధానిలో డాక్టరు అలెగ్జాండరు హంటరు 1850లో కళాపాఠశాలను స్థాపించెను. తరువాత ఛాయాచిత్రకళయు అచట నేర్పబడెను. మదరాసు ఛాయాచిత్ర సంఘము 1857 నాటిది. చిత్రము తీయుటకు ఒక్కడు చాలును గదా, సంఘ మేల యని యడుగవచ్చును. తీయుటకు ఒక్కడు చాలును. తీసినదాని గుణదోషముల నెఱుగుటకు ఒక్కడు చాలడు.

ఏల చాలడు? తీసినవానికి ఆ క్షణపు గాలియు, అలల మ్రోతయు, ఎదుటి మనిషియందలి ప్రేమయు జ్ఞప్తియందుండును. అవియన్నియు చిత్రములో చేరినవని అతడు భ్రమపడును. చూచువానికి కనబడునవి చట్రములోని వెలుగునీడలు మాత్రమే. తల్లి చిత్రమును తీసిన బాలుడు తల్లి ముఖమునే చూచును. ఆమె తలనుండి మొలచినట్లు నిలిచిన కొబ్బరిచెట్టును ప్రక్కవాడు చూచును. ప్రక్కవాడు ఒకసారి చెప్పిన పిమ్మట ఆ బాలుడు మఱల కెమేరా నెత్తునపుడు తల్లి వెనుక నేమున్నదో తానే చూచుకొనును. విమర్శవలన కలుగు లాభ మిదియే: ఒరుల కన్ను కొంతకాలమునకు మన కన్నగును.

అభ్యాసమునకు మనము దూరము పోనక్కఱలేదు. మన తీరమున కడలి తూర్పుదిక్కున నున్నది. ఉదయమున రామతీర్థము ఒడ్డున నిలిచి కడలివైపు చూచినచో సూర్యు డెదుట నుండును. పడవయు, మనిషియు నల్లని నీడరూపములై తోచును. సాయంకాలమున వెలుగు మన వెనుకనుండి పడుటచే పడవ రంగులును, వల ముడులును తేటపడును. విద్యార్థి ఒక్క పడవనే యెన్నుకొని పది చిత్రములు తీయవలెను: నిలిచి రెండు, కూర్చుండి రెండు, దగ్గఱకు పోయి రెండు, దూరముగా జరిగి రెండు, ప్రక్కనుండి రెండు. పిదప తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆకాశమును కడలియు కలియు గీత ఒరిగినదా? అది మనిషి మెడను కోసినట్లున్నదా? పడవ ముక్కు చూచు వైపున చోటు విడువబడినదా? పిమ్మట చిత్రమును తలక్రిందులుగా త్రిప్పి చూడవలెను. అపుడు ఇది పడవ, ఇది మనిషి యను తలంపు సన్నగిల్లి, వెలుగునీడల తూకము కనబడును. పూర్వులు గరుకుటద్దముపై చూచిన దిట్టిదే. ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్తియే-బ్రెస్సో (1908–2004) కూడ చిత్రములను తలక్రిందులుగా త్రిప్పి వాని కూర్పును పరీక్షించెడివాడు. ఇట్లు పదింటిలో నొకదాని నేర్చి, దానినే ఇతరులకు చూపవలెను.

ఇక విమర్శ చేయువారి ధర్మము. “బాగున్నది” అనుమాట వినుటకు తీపి. దానివలన నేర్చునది లేదు. “ఇదియు నొక చిత్రమా?” యను ఎగతాళి అంతకంటె హానికరము, దానిని విన్న పిల్లవాడు మఱల చూపడు. వ్యాసరచన నేర్పు మేము తప్పునకు ఎఱ్ఱగీత గీచి యూరకుండినచో విద్యార్థి మార్కును చూచుకొని పుస్తకము మూయును. తప్పెట్లు సవరింపవలెనో ప్రక్కన వ్రాసినపుడే కలము చేత పట్టును. చిత్రమునకును ఇదే న్యాయము. నా కన్ను మొదట దేనిపై పడెను, ఎచ్చట చిక్కుకొనెను, ఏది తొలగించిన చిత్రము తేటపడును అను మూడు మాటలు చెప్పిన చాలును. మొగమాటముచేత దోషమును దాచుట ప్రేమ గాదు. నొప్పించునట్లు చెప్పుట సత్యసంధత గాదు.

తల్లిదండ్రుల భయము మాకు తెలియును. ఫోను చదువును మ్రింగుచున్నదని వారు వగచుట న్యాయమే. కాని మేము కోరునది అధికముగా తీయుట గాదు, తక్కువ తీసి యెక్కువ చూచుట. వారమున కొక గంట, పది చిత్రములు, అంతకు మించవలదు. ఇంకొక నియమము గలదు. వల బాగుచేసికొను జాలరియు, నాటు వేయు కూలితల్లియు మన యభ్యాసమునకు బొమ్మలు గారు. వారి యనుమతి లేక వారి ముఖమును చట్రములోనికి తీసికొనరాదు. తీసిన చిత్రమును వారికి చూపక పోరాదు. వారు చెప్పు మాటయు విమర్శయే.

కావున ప్రతి పాఠశాలలో ఒక గోడ ఇందులకు కేటాయింపబడుట యుక్తమని మా యభిప్రాయము. నెలకొకసారి విద్యార్థులు తలకొక చిత్రము నుంచవలెను. తోటివారి మాటలు విని, మఱునెలలో అదే వస్తువును మఱల తీసి మొదటిదాని ప్రక్కనే యుంచవలెను. బహుమానము ఇయ్యదలచినచో ఉత్తమ చిత్రమునకు గాక, మొదటిదానికిని రెండవదానికిని నడుమ నెక్కువ దూరము నడచినవానికి ఇయ్యవలెను. కుమ్మరి సారెమీద చెడిన పాత్రను పారవేయక, ఆ మంటితోనే వేఱొక పాత్రను చేసిన సంగతి యిర్మీయా ప్రవక్త గ్రంథమున చదువుచున్నాము. చెడిన చిత్రమును చూచి సిగ్గుపడి తుడిచివేయు బాలబాలికలు ఆ కుమ్మరిని తలచుకొందురు గాక.